కుటుంబం కిందికి రాని చావు

మా చిన్నాన్న పోయేసరికి మా ఆవిడ బ్యాగు సగం సర్దింది. ఇంకో మూడు రోజుల్లో మేమిద్దరం విజయనగరంలో రైలెక్కి కేరళ వెళ్లాలి. ఆరు రోజుల టూరు. కొండల మీద టీ తోటలు, ఆ తర్వాత ఒక రోజంతా నీళ్ల మీద పడవ ఇంట్లో. మనిషికి పద్దెనిమిది వేల చొప్పున ముప్పై ఆరు వేలు నెల ముందే కట్టేశాం.

కట్టేశాం అంటున్నాను గానీ కట్టింది ఆవిడే. ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి. ఎవరో ఫోన్లో పెట్టిన వీడియోలో ఆ పడవ ఇంటిని చూసింది. పడవలో మంచం, పడవలో పొయ్యి, కిటికీ తీస్తే నీళ్లు. మిషను తొక్కుతూ కూడా పక్కన పెట్టుకుని అదే చూసేది. మా పెళ్లయి ఇరవై రెండేళ్లు. పుట్టింట్లోనూ ఆస్పత్రిలోనూ తప్ప ఆవిడ ఇల్లు విడిచి ఎక్కడా నిద్ర చేయలేదు. డబ్బు కోసం డ్వాక్రా గ్రూపులో అప్పు అడిగింది. అక్కడ అప్పు ఎందుకో అందరి ముందూ చెప్పాలి. ఒకామె గేదె అంటుంది, ఒకామె పిల్లల ఫీజు అంటుంది. మా ఆవిడ "కేరళ ఎల్లడానికి" అంది.

"ఓలమ్మో, పడవెక్కడానికి అప్పేటే!" అని ఒకామె నవ్వింది. "మనూరి గెడ్డలో దిగు, ఊరికినే తడుస్తావు."

"మీ ఆయన లైబ్రరీ పుస్తకంలో కేరళ బొమ్మ సూపిత్తాడు గదా, సాలదేటి?" అంది ఇంకొకామె.

నవ్వారు గానీ ఇచ్చారు. పడవెక్కి ఫొటో పెట్టాలని షరతు పెట్టి మరీ ఇచ్చారు. నెలకి రెండు వేల చొప్పున తిరిగి కట్టాలి.

నాది జెరాక్సు కొట్టు. శృంగవరపుకోటని ఆనుకుని రోడ్డు వార మా ఇల్లు, ముందు గదిలో కొట్టు. జెరాక్సుతో పాటు అర్జీలు రాస్తాను. నా బడి పదో తరగతితో అయిపోయింది. ఆ తర్వాత చదివిందంతా కోట శాఖా గ్రంథాలయంలోనే. చరిత్ర, వైద్యం, చట్టం, నవలలు, వరి తెగుళ్లు, ఏది ముందు దొరికితే అది చదివాను. ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో లైబ్రేరియన్ గారే ఒక్కోసారి నన్నడుగుతారు. గొప్పకి చెప్పడం లేదు అంటే అబద్ధమవుతుంది, గొప్పకే చెబుతున్నాను. డిగ్రీలు చదివినవాళ్లు కూడా నా దగ్గరికొచ్చి అర్జీ రాయించుకుంటారు. కాగితం రెండోవైపు చదవకుండా సంతకం పెట్టకండి అని అందరికీ చెబుతాను.

టూరు రసీదు రెండోవైపు నేనూ చదివాను. మా ఆవిడని కూర్చోబెట్టి పైకి చదివాను. ప్రయాణానికి వారం లోపు మానుకుంటే డబ్బు వాపసు రాదు. కుటుంబంలో మరణం సంభవిస్తే మాత్రం సర్వీసు ఛార్జీ మినహాయించి మొత్తం ఇచ్చేస్తారు.

"చూశావా, చావు సంగతి కూడా ఆలోచించారు" అన్నాను.

"సుభవా అని ఎల్తంటే సావు మాటేటి?" అని ఆవిడ రసీదు నా చేతిలోంచి లాక్కుంది.

చిన్నాన్న అంటే మా నాన్నకి తోడబుట్టినవాడు కాదు. నాన్న పెదనాన్న కొడుకు. మాకు మూడిళ్ల అవతల ఉండేవాడు. పొలం గట్టు తగాదా వచ్చి పద్నాలుగేళ్లుగా నాన్నకీ ఆయనకీ మాటల్లేవు. వీధిలో ఎదురుపడితే ఒకరు ఆకాశం చూసేవారు, ఒకరు నేల చూసేవారు. ఆ ఉదయం ఆయన కొడుకు వచ్చి గుమ్మం బయటే నిలబడి "పెదనాన్నా, నాన్న ఎల్లిపోయాడు" అన్నాడు. నాన్న టీ గ్లాసు కింద పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

మాటలు లేకపోయినా మైల ఉంటుంది. మా వైపు ఒకే ఇంటిపేరు వాళ్లని, అంటే ఒక తాత సంతానాన్నంతటినీ, పాలోళ్లు అంటాం. పాలోళ్లలో ఎవరు పోయినా పెద్దకర్మ అయ్యేదాకా అందరికీ మైలే. గుడికి వెళ్లకూడదు, పెళ్లికి వెళ్లకూడదు. షికారు మాట ఇక చెప్పక్కర్లేదు. ఈ ఆచారం మీద నేను మూడు నాలుగు పుస్తకాలు చదివాను. అంటురోగాల భయం ఉన్న కాలంలో పుట్టిందనీ, ఇప్పుడు అంతలా పాటించక్కర్లేదనీ కొట్టు ముందు చాలాసార్లు వాదించాను. శవం మూడిళ్ల అవతల ఉన్నప్పుడు ఆ వాదన ఒక్క ముక్క కూడా నా నోట రాలేదు. పాడె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ బ్యాగులోంచి బట్టలు బయటికి తీస్తోంది.

"ఎల్లం గదా" అంది. అడిగినట్టు లేదు.

"నాన్నని ఓ మాట అడుగుదామా?"

"ఏటడుగుతావు? మాటల్లేని మనిషే సెప్పుల్లేకుండా ఎల్లాడు. నానెలాగ పడవెక్కుతాను?"

విజయనగరంలోని టూరు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. మా కుటుంబంలో చావు జరిగింది, రాలేం అన్నాను. "అయ్యో, అలాగా సార్. డెత్ సర్టిఫికెట్టు, రసీదు పట్టుకుని రండి. రీఫండుకి పెడదాం" అంది. ఆ మాట మా ఆవిడకి చెప్పాక గానీ ఆ పూట ఆవిడ అన్నం ముందు కూర్చోలేదు.

చిన్నాన్న మరణ ధ్రువపత్రం కోసం ఆయన కొడుక్కి అర్జీ రాసింది నేనే. పత్రం వచ్చాక వాళ్లకి ఐదు కాపీలు తీసిచ్చి, రెండు నా సొరుగులో ఉంచుకున్నాను. పెద్దకర్మ అయిన నాలుగో రోజున ఒకటి పట్టుకుని విజయనగరం బస్సెక్కాను.

బట్టల కొట్టు మేడ మీద ఒకటే గది ఆ ఆఫీసు. గోడల నిండా మంచుకొండలు, పడవలు. ఫోనెత్తిన అమ్మాయే బల్ల దగ్గర ఉంది. సర్టిఫికెట్టు చూసి, "ఈయన మీకేమవుతారు సార్?" అని అడిగింది.

"చిన్నాన్న."

"సొంత చిన్నాన్నా?"

"మా నాన్నగారి పెదనాన్న కొడుకు."

ఆ అమ్మాయి పెదవులు కదుపుతూ వరస కట్టుకుంది. తర్వాత రసీదు తిప్పి, నిబంధనల అడుగున చీమలబారులా ఉన్న వరస మీద పెన్ను మొన పెట్టింది. కుటుంబం అనగా భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు. అంతే. అక్కడితో అయిపోయింది.

"చిన్నాన్న ఈ కుటుంబం కిందికి రారు సార్" అంది మెల్లగా.

ఆ వరస నేను చదవలేదు. కళ్లకి ఆనకపోవడం కాదు, అంత చిన్న అక్షరాలు రోజూ జెరాక్సు తీసేవాణ్ణే. కుటుంబం అంటే ఏమిటో ఇంకొకరు నాకు చెప్పాలా అనుకుని ఆగిపోయి ఉంటాను. మా వీధిలో ఎవణ్ణి అడిగినా ఆ వరస దగ్గర అలాగే ఆగిపోతాడు. కానీ మా వీధిలో వాళ్లు కాగితం చదవడం వచ్చని చెప్పుకోరు.

"మైల పెట్టుకుని ఎలా వస్తామమ్మా?" అన్నాను.

"నాకు తెలీదా సార్? మాది పార్వతీపురం. మా ఇంట్లోనూ ఇంతే. పై ఆఫీసు వాళ్లకి మైలంటే ఏం తెలుస్తుంది?" గొంతు తగ్గించింది. "ఇంటిపేరు ఒకటే కదా. ఫారంలో చనిపోయినవారితో సంబంధం అన్నచోట తండ్రి అని రాసెయ్యండి. ఎవరూ వచ్చి చూడరు. వాళ్లకి ఒక కాగితం ఉంటే చాలు."

ఆ అమ్మాయి ఇచ్చిన ఫారం మడత పెట్టుకుని వచ్చేశాను.

ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మరి రాసెయ్" అంది.

"మా నాన్న బతికే ఉన్నాడే!"

"ఉన్నాడు. నాకగుపడతన్నాడు, అరుగు మీద సుట్ట కాలుస్తన్నాడు. కాగితానికి అగుపడతాడేటి?"

నాన్న అరుగు మీదనుంచే అందుకున్నాడు. "రాసెయ్‌రా. కాగితం మీద సస్తే ఏటవుద్ది? ఊరికి బోజనాలెట్టక్కర్లేదు. పింఛను ఆగిపోకుండా మాత్రం సూడు."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండేళ్ల కిందట ఒక ముసలామె నా కొట్టుకి వచ్చింది. ఏదో జాబితాలో ఆమె పేరు ఎదురుగా చనిపోయినట్టు పడిపోయింది. పింఛను ఆగింది. బతికున్నానని ఒప్పించడానికి ఆమెకి ఏడు అర్జీలు పట్టాయి. ఏడూ నేనే రాశాను, రెండుసార్లు వెంట కూడా వెళ్లాను. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే ఈవిడ బతికున్నట్టు ఆధారం ఏదండీ అని నన్నడిగారు. టూరు వాళ్ల కాగితానికీ పింఛనుకీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా నా చేత్తో మా నాన్న పేరు చావు పక్కన రాయడానికి చెయ్యి ఆడలేదు.

"అబద్ధం రాయక్కర్లేదు. ఉత్తరం రాస్తాను. అర్థమయ్యేలా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది" అన్నాను.

"నీ ఉత్తరానికి డబ్బులొస్తాయేటి?"

"చూద్దువుగాని."

"సూస్తాను. నెలాకరికి కిస్తీ ఉన్నాది. అదీ సూస్తాను."

మూడు రోజులు గ్రంథాలయంలో కూర్చుని రాశాను. నాలుగు పేజీలు. పాలోళ్లంటే ఎవరో, మైల ఎన్నాళ్లో, అది మా ఇష్టానికి వదిలిన సంగతి ఎందుకు కాదో రాశాను. వారసత్వ చట్టం బంధువుల్ని ఎంత దూరందాకా లెక్కపెడుతుందో ఒక పుస్తకంలో చూసి అదీ చేర్చాను. వినియోగదారుడి హక్కుల గురించి చివరి పేజీ మొత్తం రాశాను. లైబ్రేరియన్ గారికి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంత బాగా ఎవరు రాస్తారండీ ఇప్పుడు" అన్నారు. పై ఆఫీసుకి పంపమని విజయనగరం ఆఫీసు పేరున రిజిస్టరు పోస్టులో పంపించాను. పది రోజులకి మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తున్నాం అని ఫోన్లో ఒక మెసేజీ వచ్చింది.

మొదటి కిస్తీ కట్టి వచ్చిన రోజు మా ఆవిడ గ్రూపు కబుర్లు నవ్వుతూనే చెప్పింది. "కేరళమ్మా, కిస్తీ తెచ్చావేటి?" అని ఒకామె పిలిచిందట. "పడవ రేవులోనే ఉన్నాదేటే ఇంకా?" అని ఇంకొకామె. రెండో కిస్తీ కట్టి వచ్చాక ఏ కబుర్లూ చెప్పలేదు. ఎవరేమన్నారని అడిగితే, "ఏటంటారు, అన్నదే అంటారు" అంది. ఆ నెలనుంచి బడి పిల్లల యూనిఫారాలు కూడా ఒప్పుకుంది. జత కుడితే వచ్చేది కొంచెం, నడుం నొప్పి బోలెడు. ఎక్కని పడవకి ఆవిడ ఏడాదిన్నర పాటు చాకిరీ చెయ్యాలి. నేను కొట్టులో వచ్చిన దాంట్లోంచి ఇస్తానంటే, "కరెంటు బిల్లు కట్టు ముందు" అంది. పడవ వీడియో మళ్లీ ఆవిడ ఫోన్లో నాకు వినపడలేదు. ఏమైంది అని టూరు ఆఫీసుకి ఫోన్ చేస్తే అమ్మాయి చూస్తున్నాం సార్ అనేది.

మూడో నెల మధ్యలో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇంగ్లీసులో ఉన్నాది. ఎంత పడ్డాదో సదువు."

ముప్పై నాలుగు వేల ఐదు వందలు ఆవిడ ఖాతాలో పడ్డాయి.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "చూశావా! చూశావా! నా ఉత్తరం!"

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసింది. "ఊఁ. బాగా రాసావు" అంది. చీర మార్చుకుని, బ్యాంకుకీ అక్కణ్ణుంచి గ్రూపుకీ వెళ్లింది. అప్పు మొత్తం తీర్చి వచ్చింది. వచ్చేటప్పుడు పకోడీ పొట్లం తెచ్చింది.

ఆ తర్వాత పది రోజులూ నేను ఎలా తిరిగానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది. లైబ్రేరియన్ గారికి ఉత్తరం కాపీ ఒకటి ఇస్తే ఆయన పదిమందికి పనికొస్తుందని ఫైల్లో పెట్టుకున్నారు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. వ్యవస్థ అర్థం చేసుకోదంటారు గానీ చెప్పేవాడు చెప్పాలి అన్నాను. ఒకాయనకి పేజీ నంబరుతో సహా చెప్పాను.

తర్వాత జెరాక్సు మిషనుకి టోనరు కొనడానికి విజయనగరం వెళ్లాల్సి వచ్చింది. ఆ అమ్మాయికి కృతజ్ఞత చెప్పాలని కొండ సీతాఫలాలు ఒక సంచీ పట్టుకెళ్లాను. ఆమె సంతోషించింది. ఒక కాయ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. నేను ఉత్తరం సంగతి ఎత్తబోతుండగా తనే సొరుగు లాగి, "మీది తీసుకెళ్తారా సార్?" అని ఒక కవరు తీసింది.

నా దస్తూరీ. నా రిజిస్టరు కవరు. నాలుగు పేజీలూ అందులోనే ఉన్నాయి.

"ఇది పైకి పంపలేదా?"

"ఎలా పంపుతాం సార్? చిన్నాన్న అని ఇందులో నాలుగు పేజీలు రాశారు కదా. ఇది వెళ్తే ఫారం చెల్లదు. మేడం వచ్చినప్పుడే చెప్పారు, ఆయన ఉత్తరం పక్కన పెట్టమ్మా అని."

"ఏ మేడం?"

"మీ మేడమే." అప్పుడు ఆ అమ్మాయి నా మొహం చూసి, సీతాఫలం బల్ల మీద పెట్టేసింది. "మీకు తెలుసనుకున్నాను సార్."

రెండో నెలలోనే మా ఆవిడ వెళ్లిందట. నా సొరుగులోని రెండో కాపీ తీసుకుని, నేను పక్కన పడేసిన ఫారం నింపుకుని. కుట్టు పనికి దారాలు కొనాలని ఒక రోజు విజయనగరం వెళ్లింది, అదే రోజు అయి ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ గుండీలు కుడుతోంది. నాన్న గోడకి చేరబడి వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. కవరు ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ చూసింది, దారం కొరికింది.

"ఫారంలో ఏమని రాశావు?"

"మామగారు అని రాసాను. అంతే. నువ్వు నాలుగు పేజీలు రాసావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే వద్దంటావు. వద్దన్నాక ఎల్తే నీ మాట తీసేసినట్టవుద్ది. అందుకని సెప్పకుండా ఎల్లాను."

"డబ్బు పడ్డ రోజైనా చెప్పొచ్చు కదా. నేను ఊరంతా చెప్పుకు తిరిగాను."

ఆవిడ సూది గుడ్డలో గుచ్చి ఆపింది. "అంత సంతోసంగా లేచావు. ఏటి సెప్పమంటావు?"

నాన్న అందుకున్నాడు. "నన్నడిగే రాసిందిరా. 'మావా, నిన్ను సంపేస్తన్నాను, ఏటనుకోకు' అంది. సంపమ్మా అన్నాను."

"నువ్వైనా నాతో చెప్పొచ్చు కదా నాన్నా."

"నీకు సెప్తే పుస్తకం తీస్తావురా."

ఆ మాటకి ఇద్దరూ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నాన్న పప్పులు ఓ పక్కా తొక్కలు ఓ పక్కా పోగుచేసి, "పద్నాలుగేళ్లు ఆడి మొకం సూళ్లేదు. ఇప్పుడు ఆడి సావు నా సావైపోయింది" అన్నాడు. అని, తొక్కలు ఎత్తి బయట పారెయ్యడానికి లేచాడు.

ఉన్నది ఉన్నట్టు టూరు వాళ్లకి రాసేసి డబ్బు తిరిగి ఇచ్చేద్దామా అని చాలా రోజులు అనుకున్నాను. రాయడం మొదలుపెట్టాను కూడా. ఎలా రాసినా మా ఆవిడ సంతకం దగ్గరికి వచ్చి ఆగుతోంది. ఆ అమ్మాయి ఉద్యోగం దగ్గరికి వచ్చి ఆగుతోంది. ఇచ్చెయ్యడానికి ముప్పై నాలుగు వేలు ఎక్కణ్ణుంచి తెస్తాను? మళ్లీ గ్రూపులో అప్పు అడిగేది ఆవిడే. నా నిజాయితీకి యూనిఫారాలు కుట్టేది ఆవిడే. కాగితం చింపేశాను. గ్రంథాలయంలో ఫైలులోంచి నా ఉత్తరం తీసెయ్యమని చెప్పడానికి రెండుసార్లు వెళ్లి, పేపరు చదివి వచ్చేశాను.

నెల తిరగకుండా ఒకాయన కొట్టుకి వచ్చాడు. కోటలో కొబ్బరికాయల వ్యాపారం. కూతురికి జ్వరం వచ్చి ఊటీ టూరు మానుకున్నారు. ఇరవై ఎనిమిది వేలు పోయాయి. రసీదు బల్ల మీద పెట్టి, "నీ ఉత్తరానికి డబ్బులొచ్చాయట గదా. అలాటిదే నాకొకటి రాయి" అన్నాడు.

"అన్నా, ఆ ఉత్తరానికి రాలేదు" అన్నాను. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట.

"మరి దేనికొచ్చాయి?"

నేను రసీదు తిప్పి చూస్తున్నట్టు తలొంచుకున్నాను. లోపల్నించి మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. భుజం మీద కొలత టేపు.

"ఉత్తరానికే వచ్చాయన్నా. ఆయనకి గొప్ప సెప్పుకోడం రాదు, అలాగే అంటాడు. గట్టిగా రాసాడు. రాయించుకో" అంది. నావైపు చూడకుండా మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను రాశాను. జ్వరం గురించి, డాక్టరు చీటీ గురించి, వినియోగదారుడి హక్కుల గురించి మూడు పేజీలు. రాస్తున్నంతసేపూ ఇది సొరుగు దాటదని తెలుసు. అర్జీకి యాభై తీసుకుంటాను. ఆయన వంద తీసి ఇస్తే వద్దన్నాను. ఎంత మంచివాడివి అని నా భుజం తట్టి వెళ్లాడు.

ఆయన డబ్బు వచ్చిందో లేదో ఇప్పటికీ నేను అడగలేదు. కొబ్బరికాయలు మాత్రం వేరే కొట్టులో కొంటున్నాను.